బాధకు తూకము

మా మొగుళ్లపల్లి ప్రాంతమున పత్తిని తూచనిదే బేరము ముగియదు. మిరపకాయను తూచనిదే రూకలు చేతికి రావు. తీరని వ్యాధితో మంచము పట్టినవారి బాధను మాత్రము తూచు వాడుక మన యిండ్లలో లేదు. "ఎట్లున్నది?" అని యడుగుదుము, "గట్లనే ఉన్నది" అను ప్రత్యుత్తరముతో తృప్తినొందుదుము.

జ్వరమునకు వలె బాధకు యంత్రము లేదు. రోగి మాటయే దీనికి త్రాసు. కెనడా దేశపు ఎడ్మంటను నగరమున బ్రూయెరా యను వైద్యుడును, ఆయన సహచరులును 1991లో నొక కొలతపట్టికను ప్రకటించిరి. దాని నేటి రూపమున నొప్పి, అలసట, మగత, వికారము, ఆకలి లేమి, ఆయాసము, దిగులు, ఆందోళన, మొత్తముమీద క్షేమము అను తొమ్మిది యంశములు గలవు. ఒక్కొక్కదానికి రోగి సున్న మొదలు 10 వరకు నొక యంకె చెప్పవలెను. సున్న యనగా బాధ లేదని; 10 యనగా నింతకు మించిన బాధ లేదని.

చదువురాని వృద్ధుల కిది పొసగునా? మా బంధువులలో నొక యవ్వ క్యాన్సరుతో మంచము పట్టినప్పుడు "పదిలో ఎంత?" అనగా నూరకుండెను. "రూపాయిలో ఎంత, అవ్వా?" అనగా, తడుముకొనక "బారాణా, బిడ్డా" అనెను. 1957లో నయాపైసలు వచ్చినను మా నాలుకలపై చారాణా, ఆఠాణా, బారాణాలు నిలిచియే యున్నవి. వైద్యుడు మందు మార్చిన పిమ్మట నొప్పి చారాణాకు దిగెను. "మరి భయము?" అని యడిగితిమి. "అది రూపాయికి రూపాయి" అనెను. నాటినుండి రాత్రులు ఆమెను ఒంటరిగా విడువలేదు. ఒక్క నొప్పినే యడిగియున్నచో ఆ భయము మాకు తెలియకయే పోయెడిది.

మార్ఫీనుపై నుండిన చట్టపు చిక్కులను 2014 సవరణ కొంత సడలించినది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్స లభించుచున్నది. అయినను రోగి బాధ యెంతయో తెలియనిదే వైద్యుడు మోతాదు నెట్లు నిర్ణయింపగలడు? ఓర్చుకొనుటయే స్త్రీకి భూషణమనియు, బాధ పూర్వకర్మ ఫలమనియు మనము నేర్పిన పాఠమే ఆ యవ్వల నోళ్లను కట్టుచున్నది.

కావున గృహస్థులారా, ఉదయ సాయంత్రముల రోగినే యడుగుడు. కొడుకో కోడలో ఊహించి చెప్పిన దానిని కొలతగా గొనకుడు. నలుగురిలో గాక యేకాంతమున నడుగుడు. మాటాడలేనివారి కనుబొమల ముడిని, ప్రక్క మార్చునప్పటి మూలుగును గమనింపుడు. తెలిసినదానిని కాగితముపై వ్రాసి వైద్యునకు జూపుడు. ఇందుకు పైకము వలదు. మంచము ప్రక్కన కొంత సేపు కూర్చుండు నోపిక చాలును.