ఫిట్‌నెస్సా సార్?

ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళడం మొదలుపెట్టిన మూడో రోజు, గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ అతను ఆపాడు. "డెలివరీ వాళ్ళు అటు పక్క" అన్నాడు, నా మొహం కూడా చూడకుండా. ఐడీ కార్డు చూపించాను. "సారీ సార్, సైకిల్ చూసి..." అని ఆగిపోయాడు.

ఆ వారాంతమే హెల్మెట్, గ్లవ్స్, మెరిసే జాకెట్ కొన్నాను. సోమవారం అదే గేటు, అదే సైకిల్. ఈసారి నవ్వుతూ అడిగాడు, "ఫిట్‌నెస్సా సార్?" అవునన్నాను. అబద్ధం. ఇంటి నుంచి ఆఫీసు ఆరు కిలోమీటర్లు. సాయంత్రం కారులో గంట, సైకిల్ మీద అరగంట. అంతకు మించి కారణం లేదు.

హైదరాబాద్‌లో సైకిల్‌కి గౌరవం లేదని కాదు. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట, సోలార్ పలకల కప్పు కింద, 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. బావుంటుంది, నేనూ వెళ్తాను. ఆదివారం పొద్దున్నే చాలామంది కారు వెనక సైకిల్ కట్టుకుని వస్తారు, తొక్కుతారు, మళ్ళీ కట్టుకుని వెళ్ళిపోతారు. సైకిల్ వ్యాయామం అయితే మర్యాద. అదే అవసరమైతే సర్వీస్ గేటు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో సైకిల్ ఉంది. కారు 5 ఇళ్ళలో కూడా లేదు. అయినా రోడ్డు ఎవరిదో అందరికీ తెలుసు.

నాన్నకి ఫోన్‌లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తెనాలిలో ఆయన పద్దెనిమిదేళ్ళు సైకిల్ మీదే డ్యూటీకి వెళ్ళారు. స్కూటర్ కొన్న రోజు వీధంతా స్వీట్లు పంచారు. "నువ్వు తొక్కే పని లేకుండా ఉండాలనే కదరా నేనన్నేళ్ళు తొక్కింది" అన్నారు చివరికి. కాలుష్యం, ట్రాఫిక్, మోకాళ్ళ ఆరోగ్యం, నా దగ్గర చాలా జవాబులున్నాయి. ఏదీ ఆయన ప్రశ్నకి కాదు. నాకు సైకిల్ ఇష్టమైతే తొక్కేది. ఆయనకి వేరే దారి లేక తొక్కింది.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా రోజూ సైకిల్ మీదే వస్తాడు, లారీల పక్కనుంచి, లైట్ లేకుండా. అతన్ని ఎవరూ సైక్లిస్ట్ అనరు. మొన్న నాలాంటి జాకెట్టే ఇంకోటి కొనిచ్చాను. రెండు రోజులు వేసుకుని మానేశాడు. ఎందుకని అడిగితే సిగ్గుపడ్డాడు.

"అది ఏసుకుంటే మావోళ్ళు నవ్వుతున్నరు సార్, పెద్దసార్ లెక్క తయారైనవేందిరా అని."