కొట్టు గడప, సూపర్ మార్కెట్ గేటు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేశారు. చదువు విలువ గురించీ, క్రమశిక్షణ గురించీ ఎలాగూ చాలామంది రాస్తారు. అందుకని మేము రోజూ చూస్తున్న విషయం ఒకటి రాస్తున్నాం. ఈ హాస్టల్ నుంచి వెళ్ళిన నలుగురం ఇప్పుడు గుంటూరులో ఒకే గదిలో ఉండి పి.జి. చదువుతున్నాం. మా నలుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్ళం మేమే. గది అద్దె కోసం సాయంత్రాలు, ఆదివారాలు ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో పనిచేస్తున్నాం. చాలా ఊళ్ళల్లో బ్రాంచీలున్న కంపెనీ అది, పేరు ఇక్కడ అవసరం లేదు. చూసింది నలుగురం కాబట్టి 'నేను' అని కాకుండా 'మేము' అనే రాస్తున్నాం.

మార్కెటింగ్ క్లాసులో లెక్చరర్ గారు "కస్టమరే దేవుడు" అన్నప్పుడు మా బెంచీలో నవ్వు ఆగలేదు. మా ఊరి పచారీ కొట్టు ముందు మేము ఎప్పుడు దేవుళ్ళం అయ్యాం కనుక! ఊళ్ళోవాళ్ళు మెట్లెక్కి, బల్ల మీద మోచేతులు ఆనించి కబుర్లు చెప్పుకుంటూ సామాన్లు కట్టించుకునేవాళ్ళు. మావాళ్ళు మెట్ల కింద నిలబడేవాళ్ళు. డబ్బులు చేతికి ఇవ్వకూడదు, బల్ల అంచున పెట్టాలి. చిల్లర పైనుంచి చేతిలో పడేది. ఎండలో ఎంతసేపు నిలబడినా, తర్వాత వచ్చిన ఊళ్ళో మనిషికి ముందు కట్టి ఇచ్చాకే మావాళ్ళ వంతు. కొట్టాయన కొడుకుకు అప్పటికి పదేళ్ళు ఉంటాయేమో, మా తాతను "ఏం కావాలిరా" అని అడిగేవాడు. తాత వంగి "పావుకిలో కందిపప్పు అయ్యా" అనేవాడు.

ఇది ఒక్క మా ఊరి కథే అనుకోవద్దు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి అంటరానితనం మీద చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీష్ దేశ్‌పాండే, అమితా బవిస్కర్ రాసిన పుస్తకం అది. మూడో వంతుకు పైగా గ్రామాల్లో దళితులను కొట్టు లోపలికి రానివ్వడం లేదని అందులో ఉంది. మా యూనివర్సిటీ లైబ్రరీలో ఆ పేజీ చదువుతుంటే మా కొట్టాయన బల్లే కళ్ళ ముందు కనిపించింది.

2012లో చిల్లర వ్యాపారంలోకి 51 శాతం దాకా విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు చిన్న కొట్లు మూతపడతాయని దేశమంతా గొడవ జరిగింది. మేము అప్పుడు చిన్నపిల్లలం, తర్వాత చదివి తెలుసుకున్నాం. ఆ భయంలో నిజం ఉంది. కాకపోతే పేపర్లలో రాసినవాళ్ళందరూ కొట్టాయన ఆప్యాయత గురించి, ఇంటి మనిషిలా పలకరించడం గురించి రాశారు. మెట్ల మీద నిలబడినవాళ్ళకు అది నిజమే అయ్యుంటుంది. మెట్ల కింద నిలబడినవాళ్ళను ఎవరూ అడిగినట్టు లేదు.

అలాగని చిన్న కొట్లన్నీ ఒకటే అనడం లేదు. మన హాస్టల్ ఎదురు కొట్టు పిన్నిగారు మీకందరికీ తెలుసు. మా రోజుల్లో నెలకు కాస్మెటిక్ ఛార్జీలు 62 రూపాయలు. సబ్బు, నూనెలకు 50, కటింగ్‌కు 12. ఆ డబ్బు చేతికి వచ్చేదాకా పిన్నిగారి పొడుగు నోటు పుస్తకమే మాకు దిక్కు. ఫలానా తరగతి, ఫలానా రూము అని రాసుకుని సబ్బు ఇచ్చేది. మనది ఏ హాస్టలో బోర్డు మీదే ఉంది, కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. అయినా "ఏం నాన్నా" అనే పిలిచేది, చిల్లర చేతిలోనే పెట్టేది. పదో తరగతి పరీక్షలప్పుడు మాలో ఒకడి పెన్ను ఆగిపోతే కొత్తది ఇచ్చి, ఆ పద్దు పుస్తకంలో రాయనే లేదు. ఇలాంటి మర్యాద ఏ ట్రైనింగులోనూ నేర్పరు.

ఇక పెద్ద షాపుల సంగతి. రిలయన్స్ ఫ్రెష్ మొదటి షాపులు తెరిచింది 2006లో మన హైదరాబాదులోనే. ఆ తర్వాత త్రినేత్రను బిర్లా గ్రూపు కొని 'మోర్' చేసింది. ఇప్పుడు జిల్లా కేంద్రాలు దాటి చిన్న టౌన్లకు కూడా ఇలాంటివి వచ్చాయి. మేమూ మొదట ధరల కోసమే జనం వస్తున్నారు అనుకున్నాం.

పోయిన ఏడాది తాతను కంటి ఆపరేషన్‌కు గుంటూరు తీసుకొచ్చాం. డ్యూటీకి వెళ్తూ ఆయన్ని కూడా మా షాపుకు తీసుకెళ్ళాం. విడి పప్పులు డబ్బాల్లో పోసి ఉండే చోటికి వెళ్ళాక తాత కాళ్ళు కదల్లేదు.

"ముట్టుకోవచ్చా అబ్బాయ్?"

"ముట్టుకో తాతా, ఎవరూ ఏమీ అనరు."

కందిపప్పులో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు. మళ్ళీ తీశాడు. ఒక గింజ కొరికి చూశాడు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, అమ్మకానికి పెట్టిన పప్పును కొనకముందే చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. చివరికి కొన్నది పావుకిలోనే. కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి "థాంక్యూ సార్" అంటే వెనక ఎవరో ఉన్నారని తిరిగి చూశాడు.

సరుకు మనమే తీసుకునే ఈ పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో పిగ్లీ విగ్లీ అనే షాపుతో మొదలైంది. పనివాళ్ళ జీతాలు కలిసొస్తాయని పెట్టిన ఏర్పాటు అది, ఎవరి గౌరవం కోసమూ కాదు. అదే అమెరికాలో దక్షిణ రాష్ట్రాల నల్లజాతివాళ్ళు ఊరి కొట్లలో తెల్లవాళ్ళందరికీ ఇచ్చాక గాని సరుకు దొరకని రోజుల్లో, సియర్స్ కంపెనీ క్యాటలాగు చూసి పోస్టులో తెప్పించుకునేవాళ్ళట. ఈ సంగతి చదివినప్పుడు తాత పప్పు గుర్తొచ్చింది. కంపెనీ లాభం కోసం తీసిన తలుపే కావచ్చు, తాత అందులోంచే లోపలికి వెళ్ళగలిగాడు.

కానీ కౌంటర్ వెనక నిలబడితే వేరే లోకం కనబడుతుంది. నిలబడితే అని ఊరికే రాయలేదు, మాకు కుర్చీలు లేవు. ఆదివారం తొమ్మిది గంటలు నిలబడే ఉండాలి. ప్రతి బిల్లుకూ నమస్తే చెప్పాలి, ఆఫర్ చాక్లెట్ చూపించాలి, క్యారీ బ్యాగ్ అడగాలి. ఒక్కటి మరిచినా సూపర్‌వైజర్ దగ్గర మార్కు పడుతుంది. గల్లాలో పది రూపాయలు తగ్గినా జీతంలో కోత. ఇంటికి వెళ్ళేటప్పుడు మా జేబులు తడిమి చూస్తారు. అద్దాల తలుపు అందరికీ తెరుచుకుంటుంది, నిజమే. కానీ నలిగిన చీర, ప్లాస్టిక్ సంచీతో ఎవరైనా వస్తే గార్డు రెండు వరసల అవతల నుంచి వాళ్ళ వెంటే నడుస్తాడు. ఆ గార్డుదీ మాలాంటి కాలనీయే!

దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలను సవరించాయి. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చిన హక్కు అది. తమ్ముళ్ళలో ఎవరైనా పార్ట్ టైమ్ పనికి వెళ్తే ముందు కుర్చీ ఉందో లేదో చూసుకోండి. మద్రాసు బట్టల షాపుల పనివాళ్ళ మీద తీసిన 'షాపింగ్ మాల్' అనే డబ్బింగ్ సినిమా 2010లో వచ్చింది. దొరికితే తప్పక చూడండి.

ఇప్పుడు మా ఇంటి సంగతి రాయాలి. మా అమ్మ 2019లో డ్వాక్రా రుణంతో కాలనీలో చిన్న కొట్టు పెట్టింది. సర్ఫ్, కొబ్బరి నూనె, ఉల్లిపాయలు, పిల్లలకు బిస్కెట్లు. ఊళ్ళోవాళ్ళు ఎండాకాలం పొలం నుంచి వస్తూ అమ్మ దగ్గర నీళ్ళ బాటిల్ కొంటారు, దానికి సీలు ఉంటుంది కాబట్టి. విడి కారం, విడి పప్పు మాత్రం కొనరు. కాబట్టి బేరమంతా కాలనీదే.

మిర్చి కోతల డబ్బు చేతికి రాగానే కాలనీవాళ్ళు షేరాటోలో టౌనుకు వెళ్ళి, నెల సామాన్లు సూపర్ మార్కెట్‌లో తెచ్చుకుంటారు. కిలోకి నాలుగు రూపాయలు మిగులుతాయి మరి. డబ్బు అయిపోయిన మూడో వారం నుంచి మా అమ్మ దగ్గరికి వస్తారు, అరువుకు. రొక్కం టౌనుకు, అరువు అమ్మకు! 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆటోలు ఆగిపోయి కాలనీ అంతా అమ్మ నోటు పుస్తకం మీదే నడిచింది. అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి సరుకు తెచ్చింది. సుభిక్ష అనే కంపెనీ 2009లో డబ్బులాడక దేశమంతటా సుమారు 1,600 షాపులు మూసేసింది. మా అమ్మకు అలా మూసేసే వీలు లేదు, బాకీ ఉన్నవాళ్ళంతా పక్కింటివాళ్ళే.

మేము టౌనుకు వెళ్ళేవాళ్ళ మీద కోప్పడితే అమ్మ ఒప్పుకోదు. "వాళ్ళకు నాలుగు రూపాయలు మిగిలితే మనకేం నొప్పి? వెళ్ళేముందు నా పాత బాకీ కట్టి వెళ్ళమను, అంతే" అంటుంది. కాలనీవాళ్ళను టౌనుకు లాగే షాపులాంటి దాంట్లోనే మేము జీతం తీసుకుంటున్నామని ఆమెకు తెలుసు. ఆ జీతంలోంచే పోయిన సంక్రాంతికి కొట్టుకు కొత్త త్రాసు కొన్నాం. తూనికలవాళ్ళ ముద్ర కూడా వేయించాం.

ఇంకో చిత్రం. ఏజెన్సీవాళ్ళు అమ్మకు వేసే నూనె ప్యాకెట్ ధర కంటే మా సూపర్ మార్కెట్ ఆఫర్ ధరే తక్కువ. కానీ బిల్లుకు నాలుగు ప్యాకెట్లే ఇస్తారు. అందుకని ఆఫర్ ఉన్న వారం, డ్యూటీ లేని పూట నలుగురం మామూలు కస్టమర్లలా వెళ్ళి, లైన్లో నిలబడి, నాలుగు బిల్లులు వేయించి, పదహారు ప్యాకెట్లు అట్టపెట్టెలో కట్టి మా ఊరి బస్సెక్కిస్తాం. అమ్మ వాటిని ఎమ్మార్పీకి రెండు రూపాయలు తగ్గించి అమ్ముతుంది. కండక్టరు లగేజీ అడగనంతవరకు ఈ లెక్క గిట్టుబాటే.