పాయింట్ ఫైవ్ రేకు

బీటెక్‌లో చేరిన కొత్తలో ఎవరైనా "మీ ఇల్లెక్కడ?" అంటే "ఇస్నాపూర్ సైడ్" అని మాట మార్చేసేవాణ్ని. మాది సిమెంటు రేకుల కిరాయి గది. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం లోపల కూర్చోలేం. అమ్మ గోనెసంచులు తడిపి రేకుల మీద పరిచేది. గాలిదుమారం లేస్తే నాయిన నిచ్చెనేసుకుని, రేకుల మీది రాళ్లు ఉన్నచోటే ఉన్నాయా లేదా చూసొచ్చేవాడు. ఒక్క ఫ్రెండ్‌ని కూడా ఆ ఇంటికి తీసుకెళ్లలేదు. ఉద్యోగం వచ్చిన రోజు నా మనసులో రాసుకున్న రిక్వైర్‌మెంట్ ఒక్కటే: అమ్మానాయిన ఇక రేకుల కింద పడుకోకూడదు.

రెండేళ్ల కింద లోన్ తీసుకుని, కంది దాటాక లోపలికున్న మా ఊళ్లో రెండు గదుల స్లాబు ఇల్లు కట్టించా. గృహప్రవేశం ఫొటోలు స్టేటస్‌లో మూడు రోజులు పెట్టా. పోయినేడు నాయిన పాశమైలారంలో ఫ్యాబ్రికేషన్ షాపు పని మానేసి ఊరికొచ్చేశాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ప్రెస్సుల మధ్య అన్నేళ్లు పనిచేసినందుకు చెవులు సగం పోయాయి. మా ఇంట్లో టీవీ పెడితే వీధి చివరిదాకా వార్తలు వినొచ్చు.

వచ్చిన నెలకే రెండు బర్రెలు కొంటానన్నాడు. ఇంటి వెనక ఇరవై బై ముప్పై కొట్టం, దానికి ఆనుకుని తనకో చిన్న గది. పైనా పక్కలా రేకులే వెయ్యాలట.

"స్లాబేయిస్త నాయినా, పైసలున్నయి."

"బర్లకు స్లాబెందుకురా?"

"నీ గదికన్నా?"

"రేకులే ఎయ్యి."

నాకు కోపమొచ్చింది. ఇన్నేళ్లూ దేన్నించి పారిపోతున్నానో దాన్నే మళ్లీ అడుగుతున్నాడు. సరే, రేకులే వేద్దాం, కానీ చూసినవాళ్లు రేకుల షెడ్డు అనకూడదు అనుకున్నా. వారం రోజులు ఆఫీసు క్యాబ్‌లో యూట్యూబ్ చూసి ఎక్సెల్ షీట్ తయారుచేశా. నీలం రంగు, కలర్ కోటెడ్, గాల్వాల్యూమ్, 0.5 ఎంఎం. శనివారం నాయినను బైకెక్కించుకుని పటాన్‌చెరు బొంబాయి హైవే మీది షాపుకి వెళ్లా.

షాపతను "పాయింట్ ఫైవే సార్" అన్నాడు. నేను స్కానర్ కోసం ఫోన్ తీశా. నాయిన మాత్రం ఒక రేకు చివర గోటితో మీటి, చప్పుడు విని... విన్నాడో, వేళ్లకి తెలిసిందో... "కాంటా ఉన్నదా?" అని అడిగాడు.

పన్నెండడుగుల రేకు కాంటా మీద పెట్టారు. పదిహేనున్నర కిలోలు.

"లెక్క గట్టు," అన్నాడు నాతో. ఒక చదరపు మీటరు ఉక్కు, మిల్లీమీటరు మందం ఉంటే 7.85 కిలోలు తూగుతుంది. రేకును మడతలు పెట్టకముందు అది 1220 ఎంఎం వెడల్పున్న చదును కాయిల్. అంటే పన్నెండడుగులకి దాదాపు నాలుగున్నర చదరపు మీటర్లు. నిజంగా అర మిల్లీమీటరు ఉక్కు ఉంటే ఉక్కే పదిహేడున్నర కిలోలుండాలి, పైన పూతల బరువు వేరే. ఫోన్ కాల్‌క్యులేటర్‌లో రెండుసార్లు కొట్టా. తగ్గింది.

నేను గొడవకి రెడీ అయ్యా. నాయిన నా భుజం మీద చెయ్యేసి ఆపాడు. "ఆయన అబద్ధం చెప్పలే. నువ్వు అడగలే."

సంగతేమిటంటే రేకుకి రెండు మందాలుంటాయి. లోపలి ఉక్కు మందం ఒకటి, అదే బీఎంటీ. లోహపు పూత, రంగు అన్నీ కలిపింది ఇంకొకటి, టీసీటీ. రెంటికీ తేడా ఎనిమిది వందల వంతు మిల్లీమీటరు దాకా ఉండొచ్చు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ 0.5 అనుకుని కొన్నదాంట్లో ఉక్కు 0.42 అయితే ఆరో వంతు ఉక్కు పోయినట్టే కదా. గాలికి నిలబడేది ఉక్కే, రంగు కాదు. మన నేషనల్ స్టాండర్డ్ ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్‌కి లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 44 మీటర్లు. గంటకి దాదాపు 158 కిలోమీటర్లు. మే నెల గాలిదుమారంలో రేకులు లేచిపోయాయన్న వార్త చదివి స్క్రోల్ చేసేస్తాం. ఆ రేకు ఎవరో ఒకరి మెడ మీదకే పోతుంది.

మీరు ఎప్పుడైనా కొంటే "ఎంత మందం?" అనొద్దు. "బీఎంటీ ఎంత, పూత ఎంత?" అనండి. మంచి కంపెనీల రేకుల వెనక వైపు అవి అచ్చువేసి ఉంటాయి. లేకపోతే కాంటా ఉంది.

రెండోది పూత. నా ఎక్సెల్‌లో ఆ కాలమే లేదు. ఉక్కు మీద జింకు పూయడానికి 1837లో స్టానిస్లా సోరెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు పేటెంట్ తీసుకున్నాడు. గీత పడినచోట జింకు తాను తరిగిపోయి ఉక్కును కాపాడుతుంది. ఇంట్లో పెద్దకొడుకు లాగా అన్నమాట. గాల్వాల్యూమ్ 1972లో అమెరికాలో మార్కెట్లోకొచ్చింది. దాని పూతలో 55 శాతం అల్యూమినియం, మిగతాది దాదాపు జింకే, కొంచెం సిలికాన్. ఏజెడ్ 150 అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి 150 గ్రాముల పూత. ఒక్కో వైపు 20 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం దానికి మూడింతలుంటుంది. రేకు ఆయుష్షంతా ఆ పొర మీదే.

పైకప్పుకి గాల్వాల్యూమ్ బాగుంటుంది. కానీ ఆ రాత్రి వారంటీ పత్రంలో చిన్నక్షరాలు చదివితే దిమ్మ తిరిగింది. పశువుల కొట్టాలకి వర్తించదట! పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఆ తేమ అల్యూమినియానికి పడవు. తడి సిమెంటు తగిలినా అంతే. నేనేమో గోడలకి కూడా నేల దాకా అదే వేయిద్దామనుకున్నా.

ఈ సంగతి నాయినకి గొప్పగా చెప్పబోతే, "రేకు కిందికెల్లే సస్తది, నాకెర్కే," అన్నాడు. పాశమైలారంలో షెడ్డు గోడల రేకులు ఎప్పుడూ అడుగునుంచే జల్లెడ అయ్యేవట. ఆ బెల్టు గాలిలో ఏముందో అక్కడ పనిచేసినవాళ్ల బట్టలకి తెలుసు. చిన్నప్పుడు నక్కవాగు పక్కన బస్సు పోతుంటే ముక్కు మూసుకోవడం మాకు ఆటలో భాగం. అదే రేకు ఊళ్లో ఎక్కువ కాలం బతుకుతుందని, ఫ్యాక్టరీల మధ్య తొందరగా పోతుందని నాయిన అన్నాడు. గాలి తుప్పు పట్టించే తీరుని బట్టి ప్రాంతాలకి ఐఎస్ఓ వాళ్లు సీ1, సీ2 అంటూ తరగతులే పెట్టారని నేను తర్వాత చదివా. నాయిన ఏ తరగతీ చదవకుండానే అది చెప్పాడు.

ఒక్క విషయంలో మాత్రం నేనే గెలిచా. ఊళ్లో పాత ఇంటి సిమెంటు రేకులు విప్పి పెట్టినవి పన్నెండున్నాయి. వాటిని కోసి పడమటి పక్కకి బిగిద్దామన్నాడు. అవి ఆస్‌బెస్టాస్. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. మన దగ్గర ఇంకా అమ్ముతూనే ఉన్నారు. కదపకుండా ఉంచితే ఒక ఎత్తు, గ్రైండర్ పెట్టి కోస్తే లేచే దుమ్ము ఇంకో ఎత్తు. "ఇరవై ఏండ్లు దానికిందనే పెరిగినవ్," అన్నాడు. "అందుకే వద్దంటున్న," అన్నా. కాసేపు నా మొహం చూసి ఊరుకున్నాడు. అవి ఇంకా అలాగే తాటిపత్రి కప్పుకుని గోడకి ఆనుకునున్నాయి. ఏం చేయాలో మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఇక మా పెద్ద గొడవ నాయిన గది గురించి. రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పఫ్ ప్యానెల్ వేద్దామన్నా. వేడి దిగదు, వాన చప్పుడు కూడా రాదు. వద్దన్నాడు. పైసలు నేనిస్తానన్నా. వద్దన్నాడు. మూడు రోజులు మాట్లాడుకోలేదు. నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసింది.

"పోయిన వానకాలం ఒకనాడు పొద్దుగాల లేచి వాకిట్ల నిలవడ్డడు బిడ్డా. అంత తడిసున్నది. రాత్రి వాన పడ్డదా అని నన్నడిగిండు. రాత్రంత కొట్టింది. ఆయనకు స్లాబు కింద ఇనవడలే."

నేనేమీ అనలేకపోయా. ఏ చప్పుడు ఆపడానికి నేను డబ్బులు పెడతానంటున్నానో, ఆయన చెవులకి ఇంకా అందుతున్న కొద్దిపాటి చప్పుళ్లలో అదొకటి.

పఫ్ ప్యానెల్ వదిలేశాం. మరి వేడి? ముందు నీలం రంగు పోయింది, తెలుపొచ్చింది. తెల్ల కప్పు ఎండని వెనక్కి కొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో ఉన్నదీ ఈ సూత్రమే. నడికప్పు దగ్గర వేడిగాలి పోవడానికి సందు వదిలి, వాన పడకుండా పైన టోపీ రేకు పెట్టించాం. గదిలో మాత్రం రేకుకి జానెడు కింద వెదురు తడక కట్టించాడు నాయిన. చప్పుడు కొంచెం తగ్గుతుందేమో అంటే "జెర తగ్గినా మంచిదే," అన్నాడు.

కొట్టం పక్కలకి నాలుగడుగులు ఇటుక గోడ, దాని పైన ఖాళీ. జల్లు కొట్టే పడమటి పక్కన మాత్రమే రేకులు, అవి కూడా గోడకి తగలకుండా రెండంగుళాలు పైనుంచి. వాటికి గాల్వాల్యూమ్ కాదు, జింకు పూత మీద రంగేసినవి. పైన ఉక్కు మందమే 0.5 ఉన్న ఏజెడ్ 150, రెండు వాలులకి తొమ్మిదేసి, మొత్తం పద్దెనిమిది రేకులు. మొదట చూసినవాటికీ వీటికీ తేడా నా రెండు నెలల స్విగ్గీ ఖర్చంత.

రేకులెక్కించే రోజు సెలవు పెట్టా. పనివాళ్లలో ఒకతను గ్రైండర్ తీస్తే నాయిన కేకేశాడు. గ్రైండర్ నిప్పురవ్వలు రంగులో దిగబడి, ఒక్క వానకే తుప్పు చుక్కలు తేలతాయట. కత్తెరతోనే కోశారు. పక్క రేకు మీద రేకు ఎక్కించేటప్పుడు గాలొచ్చే పడమటి వైపు సందు కనపడకూడదు. పైకప్పుకి స్క్రూ మడత గట్టు మీద పడాలి, పల్లంలో పడితే నీళ్లు నిలుస్తాయి. స్క్రూ కింద నల్ల రబ్బరు వాషర్ ఉంటుంది, అది కొద్దిగా ఉబ్బితే చాలు. నలిగేదాకా బిగిస్తే అదే కారుతుంది. ఈ మడతలే లేకపోతే అర మిల్లీమీటరు రేకు తన బరువుకే వాలిపోయేది. ఏ4 కాగితాన్ని విసనకర్రలా మడిచి దాని మీద ఫోన్ పెట్టి చూడండి. 1829లో లండన్ రేవులో ఇంజనీరు హెన్రీ పామర్ పేటెంట్ తీసుకున్నది ఈ కిటుకుకే. నేనూ ఒక వరస స్క్రూలు బిగిస్తానని డ్రిల్లు తీసుకున్నా. నాయిన కింద నిలబడి నవ్వుతున్నాడు.

జూన్ రెండో వారంలో, ఉదయం స్టాండప్ కాల్ నడుస్తుంటే నాయిన వీడియో కాల్ చేశాడు. ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి ఎత్తా. తెర మీద తడక, మధ్యమధ్య తెల్ల రేకు. ఫోన్‌ని పైకి ఎత్తిపట్టాడు. గోలగోలగా వాన. అటు ల్యాప్‌టాప్‌లో మేనేజర్ నా పేరు పిలుస్తున్నాడు.

"ఇనవడ్తుందా?" అని నాయిన అరిచాడు.

"ఆఁ, వినపడుతోంది."

"బర్ల దిక్కు ఒక్క స్క్రూ కారుతున్నది. నువ్వు బిగిచ్చిన వరసనే. ఆదివారం వచ్చేటప్పుడు వాషర్లు తే."