ఇంటికి చేరువైన అద్భుతం: తెలుగు సాహస నవల – ఆధునిక సమాజం

ఉపోద్ఘాతం

తెలుగు నవలా విమర్శలో అద్భుత, సాహస నవలలకు దక్కిన చోటు స్వల్పం. సాంఘిక నవలకు, చారిత్రక నవలకు, మనోవైజ్ఞానిక నవలకు విమర్శకులు ప్రత్యేక ప్రకరణాలు కేటాయించారు. మాంత్రికుడు, మాయాద్వీపం, శిథిలాలయం ఉన్న నవలను మాత్రం బాలసాహిత్యమనో, కాలక్షేప రచన అనో ఒక్క మాటతో దాటవేయడం పరిపాటి అయింది. ఇటువంటి కథ పాఠకుణ్ణి తన కాలం నుంచి తప్పిస్తుందన్న అభిప్రాయమే ఈ ఉపేక్షకు మూలం. ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో మూడు సందర్భాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి కందుకూరి వీరేశలింగం ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’, ‘చందమామ’లో వెలువడిన దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’.

ఒక నవలలోని అద్భుతం నమ్మదగినదా కాదా అన్న ప్రశ్న దగ్గరే విమర్శ ఆగిపోతే ఆ నవల సామాజికత కనిపించదు. ఆ అద్భుతం మనిషి ఇంటికి ఎంత దూరంలో ఉంది? దానికి ఎదురు నిలిచేది ఎవరు? ఏ బలంతో నిలుస్తారు? ఈ మూడు ప్రశ్నలకు ఒక్కొక్క కాలపు నవల ఇచ్చిన సమాధానాల్లో ఆ కాలపు సమాజం ఉంది.

దూరదేశం – తలకిందులైన ఆచారం

తెలుగులో తొలి నవలాకారులలో ప్రముఖుడుగా, ‘రాజశేఖర చరిత్రము’ కర్తగా వీరేశలింగం సుప్రసిద్ధుడు. ఆయనే సంఘసంస్కరణకు అద్భుతయాత్రను కూడా సాధనం చేసుకున్నాడన్న సంగతికి తగినంత ప్రాముఖ్యం లభించలేదు. 1726లో వెలువడిన స్విఫ్ట్ ‘గలివర్ యాత్రల’ ఒరవడిలో సాగిన ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’లో సత్యరాజు ఆడుమళయాళం చేరుకుంటాడు. అక్కడ పాలన స్త్రీలది. తెలుగునాట స్త్రీలపై ఉన్న కట్టుబాట్లు అక్కడ పురుషులపై ఉంటాయి. పతివ్రతా ధర్మాల స్థానాన్ని పత్నీవ్రత ధర్మాలు ఆక్రమిస్తాయి.

ఆడవాళ్ళు ఏలే మళయాళ దేశం గురించిన ఊహ తెలుగువారి కథల్లో ఉన్నదే. వీరేశలింగం ఆ పాత ఊహను తీసుకుని, దానిలో తన కాలపు ఆచారాలను తిరగేసి నింపాడు. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన సంస్కర్తకు శాస్త్రచర్చల పరిమితి అనుభవంలో తెలిసిందే. శాస్త్రప్రమాణం చూపితే ప్రతిపక్షం మరో ప్రమాణం చూపగలదు. తన ఆచారమే తన మీదికి తిరిగి వచ్చినప్పుడు మాత్రం పురుష పాఠకుడికి జవాబు సులభంగా దొరకదు. వాస్తవిక చిత్రణ చేయలేని పనిని ఇక్కడ అద్భుతం చేసింది.

ఈ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. స్త్రీలు ఏలే దేశం ఒక వింత అన్న భావన మీదే ఈ వ్యంగ్యం నిలిచింది. ఆ వింతకు పాఠకుడు నవ్వకపోతే వ్యంగ్యం పండదు. అంటే అన్యాయాన్ని ఎత్తిచూపిన నవలే, అధికారం స్త్రీకి సహజం కాదన్న నమ్మకాన్ని తోడుగా వాడుకుంది. ఆనాటి సంస్కరణోద్యమపు హద్దు కూడా ఇదే.

అడవి – తోడుతో సాగిన సాహసం

1947 జూలైలో మద్రాసులో ప్రారంభమైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు 1954లో ‘తోకచుక్క’తో మొదలయ్యాయి. ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ వంటివి ఆ పరంపరలో వచ్చాయి. వీటిలో రాజ్యాలు, కోటలు, మంత్రాలు ఉన్నాయి. కాని కథను నడిపించే మనుషులను చూస్తే పాత రాజకుమారుడి కథకూ వీటికీ ఉన్న తేడా తెలుస్తుంది.

‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు వల వేసి పొట్టపోసుకునేవాడు. ‘శిథిలాలయం’లో శబర యువకుడు శిఖిముఖి, విక్రమకేసరి కలిసి ప్రయాణిస్తారు. ‘మాయాసరోవరం’లో జయశీలుడికి తోడు సిద్ధసాధకుడు. వీరత్వం ఇక్కడ ఒక వంశానికి సొంతం కాదు. ఒంటరి వీరుడి స్థానంలో ఇద్దరు సహచరులు తరచుగా కనిపిస్తారు. ఆపద వచ్చినప్పుడు వారు దేవుడి ప్రత్యక్షం కోసం ఎదురుచూడరు. ఆలోచిస్తారు, ఒకరినొకరు హెచ్చరించుకుంటారు, చేతిలో ఉన్న ఆయుధంతో, యుక్తితో బయటపడతారు. మాంత్రికుడు భయం గొలిపినా సర్వశక్తిమంతుడు కాడు. అతడి బలానికి హద్దు ఉంటుంది, ఆ హద్దును కనిపెట్టడంలోనే కథ ఉంటుంది. మంత్రాలు నిండిన కథ చివరికి మనిషి తెలివి మీద నమ్మకాన్ని మిగల్చడం ఈ ధారావాహికల విశేషం.

కొత్తగా స్వతంత్రమైన దేశంలో, బడికి వెళ్ళే తొలితరం పిల్లలు ఎందరో ఈ కథలు చదివారు. పుట్టుక ఏదైనా సాహసికి తావున్న ప్రపంచాన్ని నెలనెలా చూపిన ఈ రచనలకు ఆ కాలపు ఆశతో సంబంధం లేదనడం కష్టం. లోపాలూ లేకపోలేదు. సాహసయాత్రలో స్త్రీలకు స్వతంత్ర పాత్ర అరుదు. అడవిజాతులలో కొందరిని క్రూరులుగా చూపే మూస కూడా వీటిలో కనిపిస్తుంది. శిఖిముఖిని నాయకుడిగా నిలిపిన కలం నుంచే ఈ మూస కూడా వచ్చిందన్న వైరుధ్యం లోతైన పరిశీలనకు అర్హం.

ఇల్లు – లోపలికి వచ్చిన భయం

1980 ప్రాంతంలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ధారావాహికగా వచ్చిన ‘తులసిదళం’లో ఈ దూరం పూర్తిగా చెరిగిపోయింది. ఇక్కడ ఎవరూ అద్భుతాన్ని వెతుక్కుంటూ బయలుదేరరు. అదే నగరంలోని మధ్యతరగతి ఇంట్లోకి వస్తుంది. చేతబడికి గురైనది ఒక చిన్నపిల్ల. దాని వెనుక ఉన్నది ఆస్తి మీద ఆశ. కాష్మోరా అన్న మాట ఇంటింటా వినిపించినా, నవలలో అసలు భయం డబ్బు చుట్టూ అల్లుకున్న మానవ సంబంధాలది.

ఈ నవల వైద్యాన్ని, మంత్రాన్ని పక్కపక్కనే నిలిపి పాఠకుణ్ణి రెండింటి మధ్య ఊగించింది. మూఢనమ్మకాలకు ఇది ఊతమిస్తుందని వచ్చిన విమర్శలలో రంగనాయకమ్మ చేసిన విమర్శ సుప్రసిద్ధం. ఆ విమర్శ బలం కాదనలేనిది. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను హింసించిన ఘటనలు ఉన్న సమాజంలో మంత్రం కేవలం కథావస్తువుగా మిగలదు. దాసరి రచనల్లోని మాంత్రికుడిని పాఠకుడు తన వీధిలో వెతకడు. ‘తులసిదళం’ మాంత్రికుడిని వెతికే ప్రమాదం ఉంది. అద్భుతం ఇంటికి దగ్గరయ్యే కొద్దీ రచయిత బాధ్యత పెరుగుతుందన్న సూత్రాన్ని ఈ వివాదం నుంచి గ్రహించవచ్చు. ఆ నవలకు లభించిన ఆదరణ మరో సంగతినీ తెలుపుతుంది. చదువు, ఉద్యోగం, ఆసుపత్రి అందుబాటులోకి వచ్చిన తరగతి కూడా తన భద్రత మీద నమ్మకం లేకుండానే బతికింది.

ముగింపు

దూరదేశం నుంచి అడవికి, అడవి నుంచి ఇంటికి అద్భుతం చేరువైన ఈ క్రమం మూడు కాలాల సామాజిక మనఃస్థితిని సూచిస్తున్నది. వీరేశలింగం పాఠకుడు అద్భుతంలో తన ముఖం చూసుకున్నాడు. చందమామ పాఠకుడు దాన్ని జయించవచ్చని నమ్మాడు. తులసిదళం పాఠకుడు తలుపు గడియ వేసుకున్నాడు. సాంఘిక నవల చరిత్రలో ఈ మార్పును ఇంత స్పష్టంగా గుర్తించడం కష్టం.

దాసరి ధారావాహికలు పత్రికలో రచయిత పేరు లేకుండానే వెలువడ్డాయి. ఆ కథలతో పెరిగిన తరాలకు వాటిని రాసినదెవరో చాలాకాలం తెలియలేదు. పత్రిక విధానం వల్ల పేరు రాకపోవడం ఒక ఎత్తు. ఆ తరువాత కూడా విమర్శ ఆ పేరును నవలా చరిత్రలో చేర్చకపోవడం మరొక ఎత్తు. పాత సంచికలు శిథిలమవుతున్నాయి. కర్తృత్వ నిర్ణయం, సంచికలవారీ సూచిక, పత్రిక పాఠానికీ పుస్తక రూపానికీ ఉన్న భేదాల నమోదు విశ్వవిద్యాలయ శాఖలు చేపట్టదగిన పనులు. ఈ నవలల విలువ గురించి వాదించడానికైనా ముందుగా అవి పరిశోధకుడి చేతిలో ఉండాలి.