చోకు తీసేశాక

మా మల్కాపురం ఇంట్లో ట్యూబులైట్లన్నీ నాన్న చేత్తో బిగించినవే. ఆయన షిప్‌యార్డు మెషీన్ షాపులో టర్నరు. ఏ స్క్రూ ఎంతవరకు తిప్పాలో ఆ చేతికి తెలుసు. నాలుగడుగుల పట్టీ, లోపల రాగి చోకు, పక్కన గుండ్రటి స్టార్టరు, రెండు కొసలా హోల్డర్లు. స్విచ్చి వేస్తే రెండు మూడు సార్లు కొట్టుకుని వెలిగేది. వోల్టేజి పడిపోయిన రాత్రుల్లో కొసలు మాత్రం ఎర్రబడి ఊరుకునేది. నాన్న స్టూలెక్కి స్టార్టరును కాస్త తిప్పితే దారికొచ్చేది. కొసలు నల్లబడ్డాయంటే ట్యూబుకి ఆయుష్షు తీరినట్టే. ఏ మిణుకుకి ఏం చెయ్యాలో మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. స్తంభాలు ఒరిగిపోయి, ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. మళ్లీ కరెంటు వచ్చాక, విశాఖ వీధుల్లో పసుపురంగు సోడియం దీపాల చోట ఒక్కొక్కటిగా తెల్లటి ఎల్ఈడీలు వెలిశాయి. నాన్న సాయంత్రాలు వీధి చివర నిలబడి వాటిని చూసేవారు. ఆయన లెక్క సూటిగా ఉండేది. పాత ట్యూబు 40 వాట్లు, చోకు మీద వేడిగా పోయేది ఇంకో పది, పన్నెండు. అంతా కలిపి 50 దాటుతుంది. అదే పట్టీలో 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు పెడితే గదికి సరిపడా వెలుగు వస్తుంది. ఇంటి నిండా ట్యూబులే ఉన్న మాకు ఇది చిన్న తేడా కాదు. పైగా అమ్మ సాయంత్రాలు వెనక గదిలో మిషను మీద జాకెట్లు కుడుతుంది. పాత ట్యూబు మసకబారిన కొద్దీ సూదిలో దారం ఎక్కించడానికి ఆమె గుమ్మంలోకి రావాల్సి వచ్చేది.

హుద్‌హుద్ తర్వాత కొన్నేళ్లకి, గాజువాక కొట్లో ట్యూబులు కొని గది గదికీ మార్చాం. పెద్దగా చెయ్యాల్సిన పనేమీ లేదు. పాతది తీసి, అదే పట్టీలో కొత్తది పెట్టడమే. పెట్టిన సాయంత్రమే గొడవ మొదలైంది.

ఒక్కో గదిలో ఒక్కో రకం. హాల్లోది వెలిగేది, ఆరేది, మళ్లీ వెలిగేది. వంటింట్లోది మామూలుగా ఉండి, రోడ్డు మీద కంటైనరు లారీ పోయినప్పుడల్లా వణికేది. వరండాలోది స్విచ్చి కట్టేసినా పూర్తిగా ఆరేది కాదు. అర్ధరాత్రి లేచి చూస్తే బూడిదరంగు వెలుగు ఇంకా దానిలో ఉండేది. అమ్మ కుట్టు గదిలోది కంటికి నిలకడగానే కనిపించేది కానీ, దాని కింద గంట కూర్చుంటే ఆమెకి కణతలు లాగేవి. ఒక్క పడకగదిలోది మాత్రమే ఏ పేచీ లేకుండా వెలిగింది. నాన్నకి కోపం వచ్చింది. "సరుకు మంచిది కాదు. అన్నీ పట్టుకెళ్లి కొట్లో పడేద్దాం" అన్నారు. ఒకే కొట్లో కొన్న ట్యూబులు గదికో రకంగా ఎందుకు జబ్బు పడ్డాయన్నది నాకు అంతుపట్టలేదు. ముందు ఎవరినైనా పిలిచి చూపిద్దాం నాన్నా అన్నాను.

కంచరపాలెం ఐటీఐలో చదివి, మా పేటలోనే కరెంటు పనులు చేసుకునే ఆయన వచ్చారు. నాన్నని గురువుగారూ అని పిలుస్తారు. వస్తూనే పట్టీ విప్పలేదు, వైరు ముట్టుకోలేదు. హాల్లో ట్యూబు తీసి పడకగదిలో పెట్టారు. అక్కడ అది రెప్ప కొట్టకుండా వెలిగింది. పడకగదిలోది తెచ్చి హాల్లో పెట్టారు. అది కొట్టుకోవడం మొదలెట్టింది.

"ట్యూబుకేటీ అవలేదు గురువుగారూ. జబ్బు పట్టీలో ఉంది."

ఆ పని చెయ్యడానికి ఆయనకి పట్టిన సమయం చాలా తక్కువ. కానీ ఇంటి సమస్యని నేను చూసే తీరు అక్కడే మారిపోయింది. దీపం మిణుకుమంటే దీపాన్నే అనుమానిస్తాం. దానిదాకా కరెంటు ఏ దారిన వస్తోందో అడగం.

హాలు పట్టీ విప్పితే లోపల రాగి చోకు లేదు. ఎప్పుడో అది కాలిపోతే నాన్న ఎలక్ట్రానిక్ చోకు వేశారు. ఆయన అప్పుడు చేసింది సరైన పనే, పాత ట్యూబుకి అది మేలైన చోకు. మన ఇళ్లకి వచ్చే కరెంటు సెకనుకి 50 సైకిళ్లు తిరుగుతుంది. ఎలక్ట్రానిక్ చోకు దాన్ని వేల సైకిళ్లకి పెంచి ట్యూబుకి అందిస్తుంది. పాత ట్యూబు కొసల్లో ఉండే ఫిలమెంట్లని వేడెక్కించి, ట్యూబు రాజుకున్నాకే నిలకడ పడుతుంది. మేం కొన్న ఎల్ఈడీ ట్యూబులో ఫిలమెంటన్నదే లేదు. దాని లోపలి డ్రైవరు మామూలు 50 సైకిళ్ల కరెంటు కోసం చేసింది. చోకు ప్రయత్నిస్తుంది, కుదరక ఆపేస్తుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. మేం చూస్తున్న మిణుకు అదే.

పడకగదిలో మాత్రం పాత రాగి చోకే ఉంది. ట్యూబుతోపాటు పెట్టెలో వచ్చిన కొత్త స్టార్టరుని నాన్న అక్కడ బిగించారు. చూడ్డానికి మామూలు స్టార్టరులాగే ఉంటుంది గానీ, లోపల ఉండేది ఒక ఫ్యూజు మాత్రమే. మేడమీద అద్దెకున్నవాళ్లు కూడా ఎల్ఈడీ ట్యూబు కొని, ఆ చిన్న డబ్బాని పనికిరానిదనుకుని పక్కన పెట్టి, పాత స్టార్టరునే ఉంచేశారు. వాళ్ల ట్యూబూ అదే పనిగా కొట్టుకునేది. డబ్బా వెతికి బిగించగానే ఆగిపోయింది.

హాల్లో చోకు మొత్తం తీసేసి, నేరుగా కరెంటు ఇవ్వాలని కరెంటు పనాయన నిర్ణయించారు. ఇక్కడ ఆయన చూపిన జాగ్రత్తని వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఇళ్లల్లో ప్రమాదం జరిగేది ఈ దశలోనే. ఎల్ఈడీ ట్యూబుల్లో కొన్నింటికి ఫేజు, న్యూట్రలు రెండూ ఒకే కొసకి ఇవ్వాలి. కొన్నింటికి ఒక కొసకి ఫేజు, రెండో కొసకి న్యూట్రలు. ఒకదాని కనెక్షను ఇంకోదానికి ఇస్తే షార్టు కావచ్చు. ట్యూబు ఒంటి మీద చిన్న బొమ్మ అచ్చువేసి ఉంటుంది. ఆయన కళ్లజోడు పైకెత్తి దాన్ని రెండుసార్లు చదివాకే కటింగ్ ప్లేయరు తీశారు. మెయిను కట్టేశారు, కట్టేశాక కూడా టెస్టరు పెట్టి చూశారు. రెండు కొసలా కరెంటిచ్చే రకంలో, ఒక కొస హోల్డర్లో పెట్టగానే చేతిలో ఉన్న రెండో కొస పిన్నుల దాకా కరెంటు వచ్చే ప్రమాదం ఉందని చెప్పారు. పని అయ్యాక పట్టీ మీద మార్కరుతో 'చోకు లేదు, ఎల్ఈడీ మాత్రమే' అని రాశారు. రేపెవరైనా తెలియక పాత ట్యూబు పెడితే, కరెంటుని అదుపు చేసే చోకు లేదు కాబట్టి అది పగిలిపోవచ్చట. ఈ ఒక్క వాక్యం రాసే అలవాటు కరెంటు పని చేసేవాళ్లందరికీ ఉంటే ఎంత బాగుండునో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

వంటింటి సంగతి త్వరగానే తేలింది. హోల్డర్లలో రాగిరేకులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. మాకు సముద్రం దగ్గర, ఉప్పుగాలి దేన్నీ వదలదు. లారీ అదురుకి ఆ రేకులు పిన్నులని వదిలి మళ్లీ పట్టుకుంటున్నాయి. కొత్త హోల్డర్లు వేశారు, వణుకు పోయింది.

వరండా దగ్గర ఆయన ముఖం మారింది. స్విచ్చి కట్టేసి, ట్యూబు తీసి, హోల్డరు రేకుకి టెస్టరు ఆనించారు. టెస్టరు వెలిగింది. నన్ను కూడా పిలిచి చూపించారు.

"చూడమ్మా. స్విచ్చి ఆపినా ఫేజు ఇక్కడ దాకా వచ్చే ఉంది. ఆగుతున్నది న్యూట్రలు."

మేడ కట్టినప్పుడు ఎవరో వైర్లు అటూ ఇటూ మార్చేసి స్విచ్చిని న్యూట్రలు దారిలో బిగించారు. స్విచ్చి కట్టేసినా దీపం ఎప్పుడూ ఫేజుకి అంటుకునే ఉంది. గోడలో పక్కపక్కనే నడిచే వైర్ల వల్ల, చెమ్మ వల్ల, నామమాత్రంగా కరెంటు కారుతుంది. పాత 40 వాట్ల ట్యూబు వెలగాలంటే 0.4 ఆంపియరు పైన కావాలి కాబట్టి ఆ కారుడు దానికి ఆనలేదు. ఎల్ఈడీకి ఆ మాత్రం చాలు, మసకగా వెలుగుతుంది. కొన్నిచోట్ల లోపలి కెపాసిటరు మెల్లగా నిండి, ఒక్కసారి తళుక్కుమని ఖాళీ అవుతుంది. స్విచ్చి ఆపేసిన బల్బు రాత్రంతా మెరుస్తోందని జనం భయపడేది దాన్ని చూసే. చీకట్లో కనపడేలా చిన్న దీపం ఉండే స్విచ్చిలతో కూడా ఇదే జరుగుతుంది. అక్కడ భయపడాల్సిందేమీ లేదు, ఆ స్విచ్చి మారిస్తే చాలు. మా వరండాది మాత్రం అలాంటిది కాదు.

నాన్న ఏళ్ల తరబడి స్విచ్చి ఆపామన్న ధీమాతో స్టూలెక్కి ఆ హోల్డర్లో వేళ్లు పెట్టారు. వానాకాలంలో, తడి కాళ్లతో కూడా. ఆ వరండాలో స్టూలు పట్టుకుని నిలబడిన చిన్నపిల్లని నేనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది. ఆ బూడిదరంగు వెలుగు మమ్మల్ని విసిగించకపోయి ఉంటే ఆ తప్పు బయటపడేదే కాదు. బోర్డు విప్పి వైర్లు సరిచేశాక వరండా పూర్తిగా చీకటైంది. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మాకు తెలియని తప్పు ఇంకొకటి ఉంది. దాన్ని బయటపెట్టింది అమ్మ. ఇడ్లీపిండి రుబ్బడానికి గ్రైండరు వేసింది. వంటింటి లైటు తగ్గింది, సరే, మోటారు మొదలయ్యేటప్పుడు అలాగే ఉంటుంది. కానీ అదే క్షణంలో హాల్లో లైటు తెల్లగా పెరిగింది. మేడ కట్టినప్పుడు మేం త్రీ ఫేజు కనెక్షను తీసుకున్నాం, హాలు ఒక ఫేజు మీద, వంటిల్లు ఇంకో ఫేజు మీద ఉన్నాయి. కరెంటు పనాయన మల్టీమీటరు పెట్టారు. 230 ఉండాల్సిన చోట హాల్లో 270 దాటింది.

"గ్రైండరు ఆపీండమ్మా! ఫ్రిజ్జు, టీవీ అన్నీ తీసీండి" అని అరిచారు. ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

న్యూట్రలు వదులైతే జరిగేది ఇదేనట. రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులు ఆ రెండు గదుల సామాన్ల మధ్య హెచ్చుతగ్గులుగా పంపిణీ అవుతాయి. ఎక్కువ లోడున్న గదికి తక్కువ, తక్కువ లోడున్న గదికి ఎక్కువ. ఒక గదిలో తగ్గి ఇంకో గదిలో పెరిగిందంటే మిగతా పనులన్నీ ఆపి మెయిను కట్టెయ్యాలి. 1912కి ఫోను చేశాం. లైన్‌మన్ వచ్చి స్తంభమెక్కి, మా సర్వీసు వైరు జాయింటు విప్పి కిందికి చూపించాడు. అల్యూమినియం వైరుని రాగితో మెలేసి వదిలేసిన పాత జాయింటు. రెండు వేరు లోహాలు, పైన ఉప్పుగాలి. అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతోంది. దాన్ని కోసేసి, రెండు లోహాలకీ సరిపడే లగ్గు వేసి నొక్కి బిగించాడు. ఆ తర్వాత గ్రైండరు వేసి, మోటారు వేసి, గది గదికీ తిరిగి చూశాం. ఏ దీపమూ చలించలేదు.

కుట్టు గదిలో మాత్రం తప్పు నిజంగా ట్యూబుదే. అక్కడిది వేరే రకం, బాగా చవకది. మేడమీద పిల్లాడు ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తే తెర మీద నల్లటి చారలు పాకాయి. కరెంటు సెకనుకి 50 సైకిళ్లు తిరిగితే వెలుగు 100 సార్లు లేచి పడుతుంది. మంచి డ్రైవరులో పెద్ద కెపాసిటరు ఆ పల్లాలని నింపుతుంది. ఖర్చు తగ్గించడానికి దాన్ని చిన్నది చేస్తే దీపం సెకనుకి వంద సార్లు దాదాపు ఆరిపోతుంది. కన్ను పట్టుకోలేదు, తల పట్టుకుంటుంది, అందరికీ కాకపోయినా మా అమ్మలాంటివాళ్లకి.

నాన్న ఆ చారల్ని చూసి మెషీన్ షాపు సంగతి చెప్పారు. ఒకే ఫేజు మీద ట్యూబులన్నీ వెలిగిస్తే, తిరుగుతున్న లేతు చక్కు కొన్ని వేగాల దగ్గర ఆగినట్టు కనబడుతుందట. ఆగిందనుకుని చెయ్యి పెడితే అంతే సంగతులు. అందుకే పక్కపక్క ట్యూబుల్ని వేర్వేరు ఫేజుల మీద వేసేవారు, లేతు మీద విడిగా ఒక ఫిలమెంటు బల్బు ఉండేది. అమ్మ మిషను చక్రం, సూది ఆ దీపం కిందే తిరుగుతున్నాయి. "ఇది ఇక్కడ ఉండకూడదు" అని ఆయనే స్టూలెక్కి తీసేశారు.

ఈసారి కొట్లో నాన్న ట్యూబులు వెలిగించి చూపించమన్నారు. పక్కపక్కన పెట్టి ఫోనులో చూశాం. ఫోను కెమెరా చాలావాటిలో ఎంతో కొంత చార చూపిస్తుంది కాబట్టి ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదు, రెండిటినీ పోల్చుకోవాలి. చారలు లేనంత పలచగా ఉన్నదాన్ని తీసుకున్నాం. ధర ఎక్కువే. అమ్మ ఇప్పుడు రాత్రి భోజనాల వేళ దాకా కుడుతున్నా కణతలు నొక్కుకోవడం లేదు.

పాత ట్యూబుల్ని నాన్న చెత్తకుప్పలో వెయ్యనివ్వలేదు. ఒక్కోదానిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పేటలో పిల్లలు వాటిని టప్‌మని పగలగొట్టడం సరదా అనుకుంటారు. అట్టపెట్టెల్లో తిరిగి సర్ది, ఈ-వేస్టు తీసుకునేవాళ్లు వచ్చినప్పుడు చేతికిచ్చారు.

మెట్ల దగ్గర మాత్రం ఇంకా రాగి చోకు, 40 వాట్ల ట్యూబే ఉంది. అక్కడ టూవే స్విచ్చి, కిందినుంచి మేడదాకా గోడలో నడిచే వైర్లు ఇంటికంటే పాతవిలా గట్టిపడిపోయాయి. వైరు లాగించి, రెండు స్విచ్చిల దగ్గరా ఫేజు ఎక్కడుందో టెస్టరుతో తన కళ్లతో చూశాకే అక్కడ ఎల్ఈడీ పెడతానని నాన్న చెప్పారు. వైరు కట్ట కొని తెచ్చారు. సంక్రాంతికి ముందు లాగించాలని ఉంది.