గోష్పాదం ఊళ్లో పిడకల దండ

గోవు పాదం మోపిన చోటు కాబట్టి గోష్పాద క్షేత్రమంటారు. గోదావరి గట్టున ఆ రేవున్న కొవ్వూరులో ధనుర్మాసం వచ్చిందంటే పిల్లలకు భోగి పిడకల పని పడ్డట్టే! డిసెంబరు 21 ప్రాంతంలో పగలు బాగా కురచ, ఎండ పలచన. పిడకలు ఆరడానికి రోజులు పడతాయి. అందుకే ముందే మొదలుపెట్టాలి.

ఆవుపేడను అరచేతిలో చిన్న బిళ్లలా అద్ది, మధ్యలో వేలితో చిల్లు పెట్టాలి. ఊక చల్లిన నేలమీద తిరగేస్తూ ఆరబెట్టాలి. గట్టిపడ్డాక పురికొసకు గుచ్చితే దండ సిద్ధం. భోగి తెల్లవారుజామున పెద్దల చెయ్యి పట్టుకుని మంటలో వేయడమే!

చిక్కల్లా పేడతోనే. పెరట్లో పాడి ఉన్న ఇళ్లు తగ్గాయి. పిడకల్ని ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నారు. కొన్న దండా మండుతుంది. ‘ఇది నా దండ’ అనే మురిపెం మాత్రం దానికి రాదు. ఈ ఏడు పాడి ఉన్న పొరుగింటికి పిల్లల్ని ఓ బకెట్‌తో పంపి చూడండి మరి!