ఐదు దశాంశం ఒకటి

డీవీడీ అట్టల వెనుక చిన్న అక్షరాలతో డాల్బీ డిజిటల్ 5.1 అనీ, డీటీఎస్ అనీ అచ్చువేసి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. మాటకు వ్యుత్పత్తి తెలిస్తేనే గాని మనసు కుదుటపడని తెలుగు పండితుని వృత్తిలో జీవితం గడిపినవాణ్ణి కనుక, ఈ దశాంశ బిందువు సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది.

ఐదు అంటే ఐదు వేర్వేరు శబ్దమార్గాలు. ఎదుట ఎడమ, మధ్య, కుడి అని మూడు. వినేవారికి ఇరుపక్కలా కొంచెం వెనుకగా మరి రెండు. బిందువు తరువాతి ఒకటి ఉరుములకూ, పేలుళ్ళకూ కేటాయించిన మంద్రధ్వని మార్గం. సెకనుకు సుమారు 120 కంపనాలకు లోబడిన ధ్వనులే అందులో ఉంటాయి. అందువల్ల దానికి పూర్తి సంఖ్య ఇవ్వక, దశాంశ స్థానంతో సరిపెట్టారు.

ఇక ధ్వని అంకెలుగా మారే విధానం. 1982లో అంగడికి వచ్చిన సీడీలో ధ్వనితరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. మనిషి చెవి సుమారు 20,000 కంపనాలకు మించి వినలేదు. అందుకు రెట్టింపు కన్న ఎక్కువసార్లు కొలిచి ఉంటే ఆ తరంగాన్ని తిరిగి నిర్మించుకోవచ్చును. డీవీడీ చిత్రాలలో ఈ కొలతలు సెకనుకు 48,000. ఒక్కొక్క కొలతకు 16 బిట్ల చొప్పున ఆరు మార్గాలకూ లెక్కిస్తే సెకనుకు 46 లక్షల బిట్లవుతాయి. బొమ్మతోపాటు ఇంత బరువును ఆ బిళ్ళ మోయడం కష్టం. అందుచేత డాల్బీ డిజిటల్ దానిని డీవీడీలో 4,48,000 బిట్లకు మించకుండా ఇముడ్చుతుంది.

పెళ్ళిమేళం జోరుగా మోగుతుంటే పక్కవారి గుసగుస మన చెవిన పడదు కదా! అలా పెద్ద ధ్వని చాటున మరుగయ్యే చిన్న ధ్వనులను వదిలివేయడమే ఇందులోని కిటుకు. డీవీడీలో డీటీఎస్ ఇంతకన్న ఎక్కువ చోటు తీసుకుంటుంది గాని, అదీ కొంత వదిలేదే.

నాకు ఇది సమాసానికీ సారాంశానికీ ఉన్న భేదంగా తోచింది. సమాసాన్ని విగ్రహవాక్యంగా విప్పితే ఏ పదమూ పోదు. సారాంశం చదివి మూలపద్యాన్ని రాబట్టలేము. డీవీడీలోని డాల్బీ డిజిటల్ సారాంశం. 2006లో వచ్చిన బ్లూ-రే బిళ్ళలలోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో సమాసాలు. విప్పితే మూలం యథాతథంగా దొరుకుతుంది.

ఈ విద్య మా ఇంట ఎందుకు అక్కరకు వచ్చిందో చెబుతాను. అరవై దాటాక మా ఇంటావిడకు వినికిడి కొంత మందగించింది. "పాటలు హోరుమంటున్నాయి, మాటలే అందడం లేదండీ" అంటూ సాయంత్రాలు సినిమాకు కూర్చోవడమే మానుకున్నది. తన చెవులు ఇక పూర్తిగా పోయినట్లేనని దిగులు పడింది. నిజానికి మాటలు నాకూ స్పష్టంగా వినబడటం లేదు! ప్లేయరు బిగించిన యువకుడు ఆరు మార్గాలూ విడివిడిగా వెలువడేలా అమర్చి, టీవీకి ఎడమ, కుడి తీగలు రెండే తగిలించి వెళ్ళాడు. సినిమాలో సంభాషణ ప్రధానంగా వచ్చేది మధ్య మార్గం నుంచి. ఆ మార్గానికి మా ఇంట్లో తీగే లేదు!

ప్లేయరు అమరికలలో స్టీరియోను ఎంచుకున్నాను. అప్పుడది మధ్య మార్గపు ధ్వనిని ఎడమకూ కుడికీ పంచి ఇచ్చింది. పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ అంతరం తగ్గించే రాత్రివేళ అమరికను కూడా జోడించాను. నాయిక తల్లి గొంతు తగ్గించి అన్న మాటకు మా ఆవిడ ఫక్కున నవ్వింది. చాలా నెలల తరువాత విన్న నవ్వు అది.

మార్గాలు పెరిగినంత మాత్రాన మేలిమి పెరగదని కూడా గ్రహించాను. 1957 నాటి మాయాబజార్ శబ్దం ఒకే మార్గంలో ముద్రితమైనది. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు డీటీఎస్ శబ్దాన్ని సమకూర్చారు. అది తరువాతివారి కూర్పే గాని ఆనాటి ముద్రణలో ఉన్నది కాదు. ఒక్క స్పీకరులో విన్నా ఘటోత్కచుని గాంభీర్యానికి లోటేమీ లేదు.

మీ ఇంటి పెద్దలు సినిమాలో మాటలు అందడం లేదంటే చెవుల వైద్యునికి తప్పక చూపించండి. దానితోపాటు ఆ ప్లేయరు వెనుక తీగలెన్ని ఉన్నాయో కూడా ఒకసారి వంగి చూడండి.